పాత కారు బ్యాటరీ మూడు రోజులకోసారి పడుకుంటోంది: ముందు బ్యాటరీ మార్చాలా, కరెంటు లీకు వెతకాలా?

పాతబండి
14 ఏళ్ల పెట్రోల్ కారు. రోజూ తీస్తే ఏ గొడవా లేదు. మూడు రోజులు నిలబెడితే మాత్రం తాళం తిప్పగానే టిక్కు టిక్కుమని ఊరుకుంటుంది, సెల్ఫ్ తిరగదు. ఇంకో బండి నుంచి కేబుళ్లు తగిలించి లేపితే మళ్లీ మామూలే. బ్యాటరీ 45 ఆంపియర్ అవర్‌ది, వేయించి ఏడాదిన్నర. అంతకు ముందుది కూడా రెండేళ్లు నిండకుండానే పోయింది. మెకానిక్ చూడగానే బ్యాటరీ మార్చేయమన్నాడు. మా బావమరిదేమో ఎక్కడో కరెంటు లీకవుతోంది, అది పట్టుకోకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది అంటాడు. ఎవరి మాట వినాలి?

గ్రీజుచేతులు
మెకానిక్ మాటే వినండి. బ్యాటరీయే సగం చచ్చి ఉంటే ఇంకేం వెతికినా దండగ. ముందు ఫుల్ చార్జ్ పెట్టి, చార్జర్ తీసేసి, కొన్ని గంటలు వదిలేయండి. అప్పుడు మీటరు పెడితే 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 ఉందంటే సగమే నిండినట్టు. తర్వాత ఇంకెవరినైనా సెల్ఫ్ కొట్టమని మీరు మీటరు చూడండి. తిరుగుతున్నప్పుడు 9.6 కంటే కిందికి పడితే అది చేతులెత్తేసినట్టే. మూతలు ఊడే రకమైతే హైడ్రోమీటరుతో, అంటే యాసిడ్ సాంద్రత కొలిచే గొట్టంతో, ఒక్కో సెల్లూ చూడొచ్చు. ఫుల్ చార్జ్‌లో 1.265 దగ్గర ఉండాలి. అయిదు బాగుండి ఒకటి మాత్రం 0.050 తక్కువ చూపిస్తే ఆ సెల్ పోయింది. లీకు లీకు అంటూ సీట్లు కూడా ఊడదీసి చూసినవాళ్లు నాకు తెలుసు. తీరా అది సెల్ షార్టు.

మిల్లీఆంప్
ఆ పరీక్షలకి నేనూ ఓటేస్తాను. కానీ ఆయన రాసినదాంట్లో అసలు సంగతి మీరు వదిలేశారు. రోజూ తీస్తే బాగుంది, నిలబెడితేనే పడుకుంటోంది. పైగా వరుసగా ఇది రెండో బ్యాటరీ.

లెక్క వేద్దాం. తాళం తీసేసిన బండి గడియారానికీ, స్టీరియో మెమరీకీ, అలారానికీ కలిపి 50 మిల్లీఆంపియర్ల లోపు తీసుకోవడం మామూలే. అంటే రోజుకి 1.2 ఆంపియర్ అవర్. ఆ లెక్కన 45 ఉన్న బ్యాటరీ సగానికి రావడానికే రెండు వారాల పైన పడుతుంది. అదే డిక్కీలో ఆరకుండా వెలిగే 5 వాట్ల బల్బు ఒక్కటి ఉందనుకోండి, 0.4 ఆంపియర్, రోజుకి దాదాపు 10. మూడు రోజులకి 30 హాంఫట్. అచ్చం మీ కథే. సీసం బ్యాటరీని ఇలా పదేపదే అడుగంటా దించితే పలకల మీద సల్ఫేట్ గట్టిపడుతుంది, ఇక ఎంత చార్జ్ పెట్టినా పట్టదు. కాబట్టి బ్యాటరీ పోవడం అసలు రోగం కాదు, రోగం చేసిన పని.

గ్రీజుచేతులు
లెక్క బాగుంది. కానీ ముసలి బ్యాటరీలో 45 ఎక్కడుంటాయండీ? పది మిగిలి ఉంటే మీరు మామూలే అంటున్న ఆ 50 మిల్లీఆంపియర్లకే మూడు రోజుల్లో నీరసపడుతుంది. మీ లెక్క నా వైపూ పనిచేస్తుంది.

రాత్రిప్రయాణం
నెగటివ్ టెర్మినల్‌కి కటాఫ్ స్విచ్ పెట్టించుకోండి, దిగేటప్పుడు తిప్పేయండి. నాలుగేళ్లుగా నేను చేస్తున్నది అదే. ఇంత చర్చ అవసరమా?

మిల్లీఆంప్
గ్యాస్ వాసన వస్తుంటే కిటికీ తెరిచి పడుకున్నట్టుంది మీ సలహా. పెరిగే లీకైతే ఏదో ఒక రోజు వైరే కాలుతుంది. అయితే మీ మాటలో మంచి పరీక్ష ఒకటి దాగుంది. పాతబండి గారూ, ఫుల్ చార్జ్ పెట్టి, నెగటివ్ కేబుల్ ఊడదీసి, మూడు రోజులు ఆగండి. తగిలించగానే స్టార్టయితే లోపం బండిలో ఉంది, అప్పటికీ పడుకుంటే బ్యాటరీలో ఉంది. స్టీరియోకి కోడ్ అడిగే రకమైతే ముందే వెతికి పెట్టుకోండి.

గ్రీజుచేతులు
దీనికి నేనూ ఒప్పుకుంటాను. అన్నట్టు బ్యాటరీ పైభాగం తుడిచి పెట్టండి. యాసిడ్ తడి, దుమ్ము కలిసి పేరుకుంటే దాని మీదుగానే కొంత కరెంటు పోతుంది. మూతలు బిగించి, వంటసోడా కలిపిన నీళ్లతో తుడిస్తే చాలు.

తెల్లచొక్కా
ఇంజిన్ నడుస్తుండగా నెగటివ్ పీకి చూడండి. ఆగిపోతే డైనమో, అదే బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్, పోయినట్టు. పాత మేస్త్రీలంతా ఇలాగే చూసేవారు.

గ్రీజుచేతులు
దయచేసి ఆ పని చేయకండి. అప్పటి బళ్లలో కంప్యూటర్ లేదు కాబట్టి చెల్లింది. నడుస్తున్న డైనమోకి బ్యాటరీ ఊడితే వోల్టేజీ ఒక్కసారిగా ఎగురుతుంది, దాని లోపల కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్లో, బండి కంప్యూటరో కాలిపోతాయి. డైనమో చూడాలంటే నడుస్తున్నప్పుడు బ్యాటరీ మీద మీటరు పెట్టండి. 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే చార్జింగ్ బాగున్నట్టే.

పాతబండి
మూడు రోజులయ్యాయి. 12.45 చూపించింది. స్టార్టయింది, కాకపోతే కాస్త నీరసంగా తిరిగింది. నడుస్తున్నప్పుడు 13.9.

మిల్లీఆంప్
అయితే లీకే.

గ్రీజుచేతులు
"నీరసంగా" అన్నారు, అది కూడా రాసుకోండి.

మిల్లీఆంప్
రాసుకున్నాను. పాతబండి గారూ, ఇప్పుడు కొలవండి. మీటరు ఎర్ర తీగని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టండి. ఊడదీసిన నెగటివ్ కేబుల్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య మీటరు రావాలి. అలా ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి, మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. బానెట్ తెరిచే ఉంచండి, డోర్లు మూసేయండి. తగిలించగానే కనిపించే అంకెని నమ్మొద్దు, బండిలోని ఎలక్ట్రానిక్ పెట్టెలన్నీ నిద్రపోవడానికి అరగంట పడుతుంది. మధ్యలో డోరు తెరిస్తే అన్నీ మళ్లీ లేస్తాయి. నేను మొదటిసారి ఇలాగే నాలుగుసార్లు లేపాను.

స్టీరియోపిచ్చి
స్టీరియో తర్వాత వేయించిందా? అయితే అదే. పసుపు తీగకి ఎప్పుడూ కరెంటు ఉండాలి, ఎరుపుకి తాళం తిప్పితేనే రావాలి. తొందరలో రెండూ కలిపి చుట్టేస్తారు, ఇక ఆ డబ్బా నిద్రపోదు.

పాతబండి
అరగంట తర్వాత 0.42 ఆంపియర్! ఫ్యూజులన్నీ ఒక్కొక్కటిగా పీకాను. ఒక్కదానికీ అంకె కదల్లేదు. స్టీరియో బయటికి లాగేశాను, 0.41. డిక్కీ బల్బు కూడా తీసేశాను. పిచ్చెక్కుతోంది.

మిల్లీఆంప్
పీకకుండా ఫ్యూజు రెండు చివరల మధ్య మిల్లీవోల్టులు కొలిచి ఉంటే బాగుండేది. పీకి పెట్టినప్పుడల్లా కొన్ని పెట్టెలు లేస్తాయి. అయినా దేనికీ కదల్లేదంటే నాకూ అర్థం కావట్లేదు.

గ్రీజుచేతులు
ఫ్యూజుల పెట్టె దారిన పోని తీగ ఏది? డైనమోది. ఆ లావు తీగ చాలా బళ్లలో నేరుగా బ్యాటరీకి పోతుంది. లోపలి డయోడ్ ఒకటి లీకయితే బండి నిలబడి ఉన్నప్పుడు బ్యాటరీలోంచి కరెంటు వెనక్కి పారుతుంది. చార్జింగ్ మాత్రం 13.9 చూపిస్తూనే ఉండొచ్చు, అందుకే అందరూ మోసపోతారు. నెగటివ్ పూర్తిగా ఊడదీశాకే డైనమో నట్టు విప్పండి, లేకపోతే స్పానర్ బాడీకి తగిలి మెరుపులు చూస్తారు. తీగ చివరికి టేపు చుట్టి, మళ్లీ మీటరు తగిలించి చూడండి.

పాతబండి
0.02!! ఫ్యూజులన్నీ పెట్టే ఉన్నాయి. డైనమోయే దొంగ.

మిల్లీఆంప్
గ్రీజుచేతులు గారికి దండం. కానీ లీకు అని ముందు అన్నది నేనే.

గ్రీజుచేతులు
ఆ డయోడ్ ఎందుకు పోయిందంటారు? అడుగంటిన బ్యాటరీని కేబుళ్లతో లేపి, వెంటనే డైనమోతో నింపించడం వల్లే. డైనమో ఉన్నది చార్జ్ నిలబెట్టడానికి, చచ్చిన బ్యాటరీని బతికించడానికి కాదు. మొదటి బ్యాటరీ నీరసపడ్డప్పుడే మార్చి ఉంటే డయోడ్ బతికేది.

మిల్లీఆంప్
డయోడ్ లీకవడం వల్లే మొదటి బ్యాటరీ పడుకుని ఉండొచ్చు కదా!

పాతబండి
మీరిద్దరూ అది తేల్చుకునే లోపు నేను డయోడ్ ప్లేటు మార్పించాను. నిన్న ఫుల్ చార్జ్ పెట్టి సెల్ఫ్ కొట్టి చూస్తే 9.3కి పడింది, బ్యాటరీ కూడా మార్చాల్సిందే. బావమరిదికి ఫోన్ చేసి నువ్వే కరెక్టన్నాను. రేపు మెకానిక్ దగ్గర కూడా అదే మాట అనాలి.