షూటింగుకు ముందే స్క్రీన్‌ప్లే చివరి మాట వరకు కాగితం మీద ఉండాలా?

పాత రీలు:
నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చివరి సన్నివేశంలోని చివరి మాట కూడా కాగితం మీదికి వచ్చేదాకా కెమెరా బయటికి తీయకూడదు. "సీన్ ఆర్డర్ ఉంది కదా, మాటలు లొకేషన్‌లో చూసుకుందాం" అనే పద్ధతి మన సినిమాకు చేసినంత చేటు మరేదీ చేయలేదు. 1957 నాటి 'మాయాబజార్' చూడండి. అర్జునుడి కొడుకు పెళ్లి కథలో పాండవులు ఒక్క సన్నివేశంలోనూ కనిపించరు. అయినా ఆ లోటు మనకు తోచదు. అందులోని ప్రియదర్శిని అనే మాయా పేటికలోకి చూస్తే ఎవరికి ప్రియమైనది వారికి కనిపిస్తుంది. బలరాముడికి దుర్యోధనుడు, కృష్ణుడికి శకుని కనిపించడంతో, రాబోయే కథలో ఎవరి మనసు ఎటు మొగ్గుతుందో ఎవరూ ఉపన్యసించకుండానే తెలిసిపోతుంది. చివరికి శకుని, ఎక్కినవారి చేత నిజం చెప్పించే సత్యపీఠం ఎక్కి తన కుట్రను తన నోటితోనే బయటపెడతాడు. ఇలాంటివి పొద్దున్నే కాల్షీటు వేళకు తట్టే ఊహలు కావు. ఆ చిత్ర దర్శకుడు కె.వి. రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని ప్రతి సన్నివేశం నిడివినీ ముందే లెక్కగట్టేవారని ఆయన శిష్యులు చెబుతూ వచ్చారు. మాట ముందే సిద్ధంగా లేకపోతే నిడివిని లెక్కగట్టడం ఎలా సాధ్యం?

మానిటర్ వెనుక:
పాత రీలు గారూ, నేను చాలా ఏళ్లుగా కో-డైరెక్టర్‌గా పనిచేస్తున్నాను. మీరు చెప్పిన ఉదాహరణ గొప్పదే కానీ, అది ఆనాటి వ్యవస్థకు చెందినది. 'మాయాబజార్' తెలుగులోనూ తమిళంలోనూ ఒకేసారి తయారైంది. తెలుగులో అక్కినేని వేసిన అభిమన్యుడి వేషం తమిళంలో జెమినీ గణేశన్ వేశారు. ఒకే సెట్లో రెండు భాషలకూ తీయవలసినప్పుడు, ముడి ఫిల్ము అడుగడుక్కీ ఖర్చు అవుతున్నప్పుడు, అంత ముందుచూపు తప్పదు. మేము ఈ రోజు ఊళ్లలో తీస్తున్నాం. శ్రీకాకుళం పల్లెలో ఒక ముసలావిడ చేత మాట చెప్పించబోతే, హైదరాబాదులో గదిలో కూర్చుని రాసిన వాక్యం ఆమె నోట పలకదు. ఆమె తన ధోరణిలో చెప్పిందే నిజమని అక్కడున్న అందరికీ తెలిసిపోతుంది. అప్పుడు కాగితాన్ని పట్టుకుని కూర్చోవడం మూర్ఖత్వం అవుతుంది. స్టాప్‌వాచ్ పట్టుకుని నడిపితే నటన చచ్చిపోతుంది.

నేల టికెట్:
పద్ధతి ఏదైనా కానివ్వండి, విశ్రాంతి తర్వాత కథ ఎందుకు చతికిలబడుతోందో ఎవరైనా చెబితే సంతోషిస్తాను.

పాత రీలు:
నేల టికెట్ గారు అడిగినదానికి సమాధానం నా వాదనలోనే ఉంది. ఇంటర్వెల్ దగ్గర ఏం పేలాలో అందరూ నెలల తరబడి ఆలోచిస్తారు. హీరోకు వినిపించే నరేషన్ కూడా అక్కడికి వచ్చేసరికి ఊపందుకుంటుంది. ఆ తర్వాతి గంట మాత్రం "ట్రీట్‌మెంట్‌లో (కథను సన్నివేశాలుగా విస్తరించేటప్పుడు) చూసుకుందాం" అన్న మాట మీద వదిలేస్తారు. ఇంటర్వెల్ ముందు వేసిన ముడిని ఎలా విప్పాలో తెలియకుండా ముడి వేసినవారికి ద్వితీయార్ధంలో పాటలు, పోరాటాలే దిక్కవుతాయి.
ఇక మానిటర్ వెనుక గారూ, స్టాప్‌వాచ్ వల్ల నటన చచ్చిపోతుందన్న మీ మాట నాకు బాధ కలిగించింది. 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు నటన చచ్చిపోయిందంటారా? సావిత్రి గారు ఘటోత్కచుడు ఆవహించిన మాయా శశిరేఖగా నడిచిన నడక చచ్చిపోయిందంటారా?

మానిటర్ వెనుక:
నేను రంగారావు గారినీ సావిత్రి గారినీ ఏమీ అనలేదు. నా మాటను దయచేసి వారి మీదికి తిప్పకండి. పూర్తి స్క్రిప్టు లేకుండానే మొదలై లోకమంతా మెచ్చిన సినిమాలు కూడా ఉన్నాయన్నదే నా మనవి. 1942లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'కాసాబ్లాంకా'కు చిత్రీకరణ జరుగుతున్నప్పుడే పేజీలు రాస్తూ వచ్చారు. దాని ముగింపును ఈనాటికీ పాఠంగా చెబుతున్నారు.

పాత రీలు:
ఆ సినిమాకు ఆధారంగా ముందే రాసిన నాటకం ఉంది, స్టూడియో జీతం మీద పనిచేసే అనుభవజ్ఞులైన రచయితలు రాత్రింబవళ్లు వెనక నిలబడి ఉన్నారు. మీ లొకేషన్లో రాత్రిపూట ఎవరు రాస్తున్నారు?

కృష్ణానగర్ మూడో అంతస్తు:
ఆ ప్రశ్నకు జవాబు నేను చెబుతాను. రాత్రిపూట మాలాంటివాళ్లం రాస్తున్నాం. పేర్లు చెప్పను. ఒక పెద్ద సినిమాకు గెస్ట్‌హౌస్‌లో జరిగిన కథా చర్చల్లో నేను మొదటి నుంచీ కూర్చున్నాను. దర్శకుడి దగ్గర ఉన్నది ఒక పాత్ర, ఒక పాయింటు మాత్రమే. హీరో తన తండ్రి దాచిన నిజాన్ని ఇంటర్వెల్‌కు ముందు తెలుసుకోవాలా, ద్వితీయార్ధం మధ్యలో తెలుసుకోవాలా అన్నదాని మీద వారాల తరబడి వాదించుకున్నాం. ముందే తెలిస్తే ప్రేక్షకుడు హీరోతో కలిసి భయపడతాడనీ, ఆలస్యంగా తెలిస్తే హీరో కన్నా ముందే ప్రేక్షకుడు ఊహించేస్తాడనీ నేను వాదించి, ఆ సన్నివేశాలు రాసి ఇచ్చాను. అవే తెర మీదికి వచ్చాయి. టైటిల్ కార్డులో "కథ, స్క్రీన్‌ప్లే, దర్శకత్వం" అని ఒక్క పేరే పడింది. నా పేరు చివర్లో కృతజ్ఞతల కింద కూడా లేదు. కాబట్టి స్క్రిప్టు ముందే పూర్తి కావాలా వద్దా అన్న చర్చ నాకు వేరేలా వినిపిస్తోంది. స్క్రిప్టు కాగితం మీద పూర్తిగా ఉంటే, ఏ పేజీ ఎవరిదో కూడా ఆ కాగితమే చెబుతుంది. చాలామందికి ఇష్టం లేనిది అదేనని నా నమ్మకం.

మానిటర్ వెనుక:
ఇది అన్యాయమైన ఆరోపణ. నేను లొకేషన్లో పుట్టే సహజత్వం గురించి మాట్లాడుతుంటే, మీరు దొంగతనం గురించి మాట్లాడుతున్నారు. చర్చల్లో పదిమంది కూర్చుంటారు, వంద ఊహలు వస్తాయి, తొంభై పనికిరావు. ఏ పది ఉంచాలో తేల్చేది దర్శకుడు. సినిమా పోతే తర్వాతి అవకాశం పోయేది కూడా ఆయనకే. ఆ రోజు చర్చల్లో కూర్చున్నవారిలో ఒక్కరైనా "ఆ ఇంటర్వెల్ నాదే, తప్పు నాదే" అని ముందుకు వచ్చారా? ఊహ చెప్పిన ప్రతివాడూ రచయిత అయితే, టీ తెచ్చిన కుర్రవాడు అన్న మాటకు కూడా కార్డు వేయాలి.

పాత రీలు:
చివరి వాక్యం మీరు వెనక్కి తీసుకోవాలి. ఒక మనిషి తన పని గురించి చెబుతుంటే ఇచ్చే జవాబు అది కాదు.

కృష్ణానగర్ మూడో అంతస్తు:
వెనక్కి తీసుకోనక్కర్లేదండీ. వారి మనసులో ఉన్నది బయటికి వచ్చింది, అదే మేలు. జపాన్ సినిమా 'సెవెన్ సమురాయ్' రచనలో దర్శకుడు కురోసావాతో పాటు షినోబు హషిమోతో, హిదెయో ఒగుని కూర్చున్నారు. ఒకే గదిలో ఒకరితో ఒకరు పోటీపడి రాశారు. అందులో రాసినదాన్ని చదివి, ఏది నిలుస్తుందో ఏది నిలవదో చెప్పడమే ఒగుని ప్రధానమైన పని. అయినా ముగ్గురి పేర్లూ రచయితలుగా పడ్డాయి. కురోసావా దర్శకుడిగా ఏమీ తగ్గిపోలేదు. అమెరికాలో పేరు గురించి తగాదా వస్తే నిర్మాతో దర్శకుడో తేల్చరు, రచయితల సంఘమైన రైటర్స్ గిల్డ్ తేలుస్తుంది. ముసాయిదాలన్నీ తెప్పించి, రాసినవారిని పేర్లతో కాకుండా అక్షరాలతో గుర్తించి, సాటి రచయితల చేత చదివిస్తారు. చదవడానికి ముసాయిదా అంటూ ఉండాలి. మన దగ్గర నోటితో చెప్పినదానికి సాక్ష్యం ఏముంది?

ప్లీడరు గుమాస్తా:
చట్టం సంగతి ఒకటి మనవి చేస్తాను. ఆర్.జి. ఆనంద్ వర్సెస్ డీలక్స్ ఫిల్మ్స్ కేసులో 1978లోనే సుప్రీంకోర్టు, ఊహకు కాపీరైటు లేదనీ, దాన్ని వ్యక్తం చేసిన రూపానికే ఉంటుందనీ స్పష్టంగా చెప్పింది. కాబట్టి చర్చలో చెప్పిన పాయింటు మీద మీకు హక్కు రాదు, మీరు రాసిన సన్నివేశం మీద వస్తుంది. కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణ ప్రకారం, సినిమాలో వాడిన స్క్రిప్టు వంటి సాహిత్య రచన థియేటరు ప్రదర్శనకు బయట ఉపయోగపడినప్పుడు వచ్చే రాయల్టీలో తన వాటాను రచయిత తన వారసులకో కాపీరైటు సొసైటీకో తప్ప మరెవరికీ వదులుకోలేడు. టీవీ, ఓటీటీ వచ్చాక టైటిల్ కార్డులో పేరు గౌరవానికి సంబంధించినదే కాదు, జీవనానికి సంబంధించినది కూడా. పని పూర్తికాగానే రచయితల సంఘంలో రిజిస్టరు చేయించుకోండి.

నేల టికెట్:
అయితే ద్వితీయార్ధం రాసినవారికి కూడా పేరు రాదని తెలిసి రాస్తున్నారన్న మాట. నాకు జవాబు దొరికింది.

మానిటర్ వెనుక:
టీ కుర్రవాడి మాట అనకుండా ఉండాల్సిందని కొందరు నాకు విడిగా రాశారు. నేను ఆ పనిని తక్కువ చేయలేదు, కానీ వాదన మీద మాత్రం నిలబడే ఉన్నాను. దర్శకుడి తలలో ఉన్న సినిమాకు రచయితలు తోడ్పడతారు. అది ముందే పూర్తిగా కాగితం మీదికి వస్తే, ప్రతి పేజీకీ ఒక యజమాని పుట్టుకొస్తాడు. లొకేషన్లో ఒక వాక్యం మార్చాలన్నా అనుమతి అడగాల్సి వస్తుంది. నాకున్న భయం అది. పేరు ఎగ్గొట్టాలని కాదు.

పాత రీలు:
ఇప్పుడు సూటిగా మాట్లాడారు, అందుకు కృతజ్ఞతలు. అయితే మీరు ఇంతసేపూ కాపాడినది సహజత్వాన్ని కాదు, మార్చే అధికారాన్ని. ఆ అధికారం దర్శకుడికే ఉండనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. మార్చే హక్కు ఆయనకు ఇస్తూనే, మొదట రాసినవాడి పేరు నిలబెట్టే ఒప్పందం రాసుకోవచ్చు. శ్రీకాకుళం ముసలావిడ మాట మారినంత మాత్రాన సన్నివేశం ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో నిర్ణయించిన మనిషి మారిపోడు.

కృష్ణానగర్ మూడో అంతస్తు:
మానిటర్ వెనుక గారిని ఒక్కటే అడుగుతున్నాను. ప్రతి సన్నివేశం కింద రాసినవారి పేరు, తేదీ వేసి, ఆ ప్రతిని షూటింగుకు ముందే నిర్మాతకూ రచయితకూ చెరొకటి ఇవ్వడానికి మీరు పనిచేసే సినిమాల్లో ఒప్పుకుంటారా?

మానిటర్ వెనుక:
సంభాషణలకు ఒప్పుకుంటాను. స్క్రీన్‌ప్లేకు ఒప్పుకోను. ఏ సన్నివేశం తర్వాత ఏది రావాలన్నది చర్చలో అందరి నోటా నలిగి తయారవుతుంది, దానికి ఒక్కరి పేరు వేయడం సాధ్యం కాదు.

కృష్ణానగర్ మూడో అంతస్తు:
ఒక్కరి పేరు వేయడం సాధ్యం కాదన్నారు. ఆ సినిమాకు వేసింది ఒక్కరి పేరే.