డీఎస్ఎల్ఆర్ తీసుకోవాలా, కాంపాక్ట్ కెమెరా చాలా? కిట్ లెన్స్‌తోనే సరిపెట్టుకునేవారికి ఏది మేలు?

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. ఇంతకాలం ఫోన్‌తోనే ఫొటోలు తీస్తూ వచ్చిన నేను ఇప్పుడు విడిగా ఒక కెమెరా కొనదలచాను. ఎక్కువగా తీసేవి మూడు రకాలు: సాయంత్రం వేళ ఇంట్లో లైట్ల వెలుతురులో, ఒక్కచోట నిలవని ఐదేళ్ల మా పాప, పాఠశాల వేదికపై పిల్లల ప్రదర్శనలు, ప్రయాణాల్లో కనిపించే దృశ్యాలు. ఫొటో నాణ్యతలో డీఎస్ఎల్ఆర్‌కు (లోపల అద్దం ఉండి, లెన్స్ మార్చుకోగల పెద్ద కెమెరాకు) సాటి లేదు కనుక అదే తీసుకోమని కొందరు అంటున్నారు. ఆ బరువు మోయలేక నెల తిరిగేలోపే అటకెక్కిస్తావు, జేబులో పట్టే కాంపాక్ట్ చాలు అని మరికొందరు అంటున్నారు. నేను చూసిన డీఎస్ఎల్ఆర్‌తో పాటు 18–55 మి.మీ. జూమ్ లెన్స్ ఒకటి (కిట్ లెన్స్) వస్తుంది. వేరే లెన్స్ కొనే ఆలోచన ప్రస్తుతానికి లేదు. నేను చూసిన కాంపాక్ట్‌లోనూ మెగాపిక్సెళ్లు ఇరవైకి అటూఇటుగా ఉన్నాయి. అలాంటప్పుడు అసలు తేడా ఎక్కడ వస్తుందో, నా అవసరాలకు ఏది తగినదో తెలిసినవారు వివరించగలరు.

సమాధానం

మీ ప్రశ్నలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట, వేరే లెన్స్ కొనే ఆలోచన లేదన్నది. నిర్ణయం చాలావరకు దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా మెగాపిక్సెళ్ల సంగతి పక్కన పెట్టేద్దాం. ఫుల్ హెచ్‌డీ తెరపై ఫొటో నిండుగా కనిపించడానికి రెండు మెగాపిక్సెళ్లు చాలు. 8 × 10 అంగుళాల కాగితంపై అంగుళానికి 300 చుక్కల చొప్పున స్పష్టంగా అచ్చు వేయడానికి ఏడు మెగాపిక్సెళ్ల కన్నా కొద్దిగా ఎక్కువ కావాలి. మీరు చూసిన రెండు కెమెరాలూ ఈ అవసరాన్ని ఎప్పుడో దాటిపోయాయి.

చూడవలసింది ఆ పిక్సెళ్లు పరుచుకున్న సెన్సర్, అంటే వెలుతురును ఫొటోగా మార్చే పలక, ఎంత పెద్దదన్నది. మామూలు డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే ఏపీఎస్-సీ సెన్సర్ సుమారు 23.5 × 15.6 మి.మీ. ఉంటుంది, కెనాన్ వారిది దీనికన్నా కొంచెం చిన్నది. చౌక రకం కాంపాక్ట్‌లలో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ సుమారు 6.2 × 4.6 మి.మీ. మాత్రమే, అంటే వైశాల్యంలో మొదటిది రెండోదానికి పదమూడు రెట్లు. ఈ రెండింటికీ నడుమ, మేలు రకం కాంపాక్ట్‌లలో వాడే ఒక అంగుళం సెన్సర్ ఉంది. పేరుకు ఒక అంగుళమే గాని నిజానికి దాని కొలత 13.2 × 8.8 మి.మీ. ఏపీఎస్-సీ దీనికి సుమారు మూడు రెట్లు పెద్దది. కాబట్టి కాంపాక్ట్ అన్నప్పుడు ఏ సెన్సర్ ఉన్న కాంపాక్ట్ అని అడగకుండా పోల్చడం వ్యర్థం. 1/2.3 అంగుళాల కాంపాక్ట్ కొనడం కన్నా మీ ఫోన్‌తోనే కొనసాగడం మంచిదని నా అభిప్రాయం. ఇప్పటి ఫోన్లు వెంటవెంటనే అనేక ఫొటోలు తీసి, వాటిని కలిపి మచ్చలు తగ్గిస్తున్నాయి కనుక, దూరపు జూమ్ ఒక్కటి తప్ప ఆ చిన్న కాంపాక్ట్ మీకు కొత్తగా ఇచ్చేదేమీ ఉండదు.

ఇక పోటీ ఒక అంగుళం కాంపాక్ట్‌కూ, కిట్ లెన్స్ బిగించిన డీఎస్ఎల్ఆర్‌కూ మధ్యనే. ఇక్కడే చాలామంది గమనించని విషయం ఒకటి ఉంది. ఆ 18–55 లెన్స్ అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం; ఎఫ్ సంఖ్య తగ్గేకొద్దీ అది పెద్దదవుతుంది) ఎఫ్ 3.5 నుంచి 5.6 వరకు ఉంటుంది; అంటే జూమ్ చేసినకొద్దీ లోపలికి వచ్చే వెలుతురు తగ్గిపోతుంది. సోనీ ఆర్ఎక్స్100 మార్క్ 3 వంటి కాంపాక్ట్‌లో దాదాపు అంతే మేర జూమ్ ఉన్న లెన్స్ ఎఫ్ 1.8 నుంచి 2.8 వరకు తెరుచుకుంటుంది. ఎఫ్ సంఖ్య సగమైతే సెన్సర్‌లోని ప్రతి చదరపు మిల్లీమీటరుకూ నాలుగు రెట్లు వెలుతురు అందుతుంది. సెన్సర్ మూడు రెట్లు చిన్నదైనా వెలుతురు దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ పడుతున్నందున, చివరికి ఫొటోకు అందే మొత్తం వెలుతురు ఇంచుమించు సమానమవుతుంది. రాత్రిపూట ఇంట్లో తీసిన ఫొటోల్లో కనిపించే ఆ రంగురంగుల చుక్కలు రెండింటిలోనూ ఒకే స్థాయిలో ఉంటాయి. చూడడానికి కెమెరా పెద్దదిగా ఉన్నంత మాత్రాన ఫొటోలో తేడా వస్తుందనుకోవద్దు.

అదే డీఎస్ఎల్ఆర్‌కు జూమ్ లేని 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ బిగిస్తే లెక్క మొత్తం మారిపోతుంది. కాంపాక్ట్ తన జూమ్ చివరన ఎఫ్ 2.8 దగ్గర ఆగిపోతుంది కనుక, ఆ కోణంలో డీఎస్ఎల్ఆర్‌కు అందే వెలుతురు ఏడెనిమిది రెట్లు ఎక్కువ. పాప ముఖం స్పష్టంగా ఉండి వెనుక ఉన్న సామాను మెత్తగా కరిగిపోయినట్టు కనిపించే ఫొటోలు వచ్చేది ఇలాంటి లెన్స్‌తోనే. అన్ని కంపెనీల లెన్సుల్లోనూ ఇది చిన్నది, తేలికైనది, చౌక రకాల్లో ఒకటి. కాబట్టి రెండో లెన్స్ ఎప్పటికీ కొననని మీకు ఖచ్చితంగా తెలిస్తే ఒక అంగుళం కాంపాక్ట్ తీసుకోండి. ఏడాదిలోపు కొనే అవకాశం ఏ కొంచెం ఉన్నా డీఎస్ఎల్ఆర్ వైపు మొగ్గండి.

మరో సభ్యుని సమాధానం

పై లెక్కతో నాకు పేచీ లేదు. కానీ పాప ఒక్కచోట నిలవదన్న మాటను అందులో పట్టించుకోలేదు. కదిలే మనుషుల విషయంలో వెలుతురు సగం సమస్య అయితే, ఫోకస్ మిగతా సగం.

డీఎస్ఎల్ఆర్‌లో అద్దం కింద ఫోకస్ కోసమే ప్రత్యేకంగా మరో సెన్సర్ ఉంటుంది. దృశ్యం ఫోకస్‌కు ఏ వైపు, ఎంత దూరంలో ఉందో అది ఒక్క చూపులోనే కొలిచి లెన్స్‌ను నేరుగా అక్కడికి తిప్పుతుంది. పాత కాంపాక్ట్‌లు, ఇప్పటికీ కొన్ని కొత్తవి, లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతూ ఎక్కడ స్పష్టత ఎక్కువగా ఉందో వెతుక్కుంటాయి. మసక వెలుతురులో ఈ వెతుకులాట సాగుతూ ఉండగా మీరు తీయాలనుకున్న నవ్వు కాస్తా గడిచిపోతుంది. అయితే ఈ నియమం ఇప్పుడు అన్ని కాంపాక్ట్‌లకూ వర్తించదు. 2016లో వచ్చిన ఆర్ఎక్స్100 మార్క్ 5 నుంచి ఆ వరుసలో ప్రధాన సెన్సర్ మీదే ఈ కొలిచే ఏర్పాటు (ఫేజ్ డిటెక్షన్) ఉంది. పైవారు చెప్పిన మార్క్ 3లో మాత్రం లేదు. మీరు చూసిన కాంపాక్ట్ వివరాల పట్టికలో ఫేజ్ డిటెక్షన్ అన్న మాట ఉందో లేదో చూడండి. లేకపోతే మీ పాప విషయంలో డీఎస్ఎల్ఆర్‌దే పైచేయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. డీఎస్ఎల్ఆర్‌కు ఉన్న ఈ చురుకుదనం కన్ను వ్యూఫైండర్‌కు (కెమెరా పైన చూసే కిటికీకి) ఆనించి తీసినప్పుడే ఉంటుంది. ఫోన్ అలవాటుతో వెనుక తెర చూస్తూ తీయబోతే అద్దం పైకి లేచిపోతుంది, ఫోకస్ సెన్సర్‌కు వెలుతురు అందదు, చాలా మోడళ్లు పాత కాంపాక్ట్ కన్నా నెమ్మదిగా పనిచేస్తాయి. కెనాన్ వారు 2013లో 70డీతో మొదలుపెట్టిన డ్యూయల్ పిక్సెల్ విధానం (ప్రధాన సెన్సర్ మీదే ఫోకస్ కొలవడం) ఉన్నవాటిలో ఈ ఇబ్బంది చాలావరకు తీరింది. తెర చూస్తూ తప్ప తీయలేనని మీకు అనిపిస్తే డీఎస్ఎల్ఆర్ మీకు తగిన వస్తువు కాదు.

స్టెబిలైజేషన్ ఉంది కదా, ఫొటో చెదరదులెండి అని అమ్మేవారు భరోసా ఇస్తారు. అది మీ చేతి వణుకును మాత్రమే సర్దుతుంది. పాప పరుగును ఆపలేదు. గెంతే పిల్లలకు సెకనులో 250వ వంతు, వీలైతే 500వ వంతు షట్టర్ వేగం కావాలి, అందుకు వెలుతురు గాని, పెద్ద అపర్చర్ గాని, ఎక్కువ ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) గాని ఉండాలి.

ఇంట్లో తీసే ఫొటోలకు లెన్స్ కన్నా ముందు విడి ఫ్లాష్ గురించి ఆలోచించమంటాను. కెమెరాలో ఇమిడి ఉన్న చిన్న ఫ్లాష్ ముఖం మీద నేరుగా కొడుతుంది కాబట్టి ముఖం తెల్లగా పాలిపోయి, వెనుక గోడ మీద నల్లటి నీడ పడుతుంది. తల తిరిగే విడి ఫ్లాష్‌ను పైకప్పు వైపు తిప్పి పేల్చితే, ఆ తెల్లటి కప్పంతా ఒక పెద్ద దీపంలా మారి వెలుతురు మెత్తగా కిందికి దిగుతుంది; కిట్ లెన్స్‌తోనే శుభ్రమైన ఫొటోలు వస్తాయి. కప్పుకు ముదురు రంగు ఉంటే మాత్రం ఆ రంగు ముఖాలకు కూడా అంటుకుంటుంది. ఫ్లాష్ బిగించే హాట్ షూ డీఎస్ఎల్ఆర్‌లకు దాదాపు తప్పనిసరిగా ఉంటుంది, జేబు కాంపాక్ట్‌లలో చాలావాటికి ఉండదు.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఇద్దరికీ ధన్యవాదాలు. మొగ్గు డీఎస్ఎల్ఆర్ వైపే ఉంది గాని ఇంకా మూడు సందేహాలు మిగిలాయి. కంపెనీలన్నీ మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని, లెన్స్ మార్చుకోగల) కెమెరాల వైపు వెళ్లిపోతున్నాయని విన్నాను, అలాంటప్పుడు డీఎస్ఎల్ఆర్ కొనడం తెలివైన పనేనా? వాడినది కొంటే ఏం చూసుకోవాలి? వేదిక మీది ప్రదర్శనల గురించి ఎవరూ చెప్పలేదు.

సమాధానం

వేదికతోనే మొదలుపెడతాను, మీ మూడు అవసరాల్లో కష్టమైనది అదే. వెనుక వరుసలో కూర్చుని, తక్కువ వెలుతురులో, కదిలే పిల్లలను దగ్గరగా తీయడానికి కిట్ లెన్స్ గాని, దాదాపు అంతే జూమ్ ఉన్న కాంపాక్ట్ గాని పనికిరాదు. దానికోసమే ఉన్న 70–200 మి.మీ. ఎఫ్ 2.8 లెన్స్ ఒక్కటే సుమారు ఒకటిన్నర కిలో తూగుతుంది. మీ వంటివారికి నేను అది సూచించను. ముందు వరుసలో చోటు సంపాదించి 50 మి.మీ. లేదా 85 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్‌తో తీయడం నయం. అన్నట్టు, ప్రదర్శన నిశ్శబ్దంగా సాగుతున్నప్పుడు డీఎస్ఎల్ఆర్ అద్దం చేసే చప్పుడు పక్కవారికి బాగానే వినిపిస్తుంది; ఆ ఒక్క సందర్భంలో కాంపాక్ట్ ఉన్నవారిని చూస్తే అసూయ కలుగుతుంది.

డీఎస్ఎల్ఆర్‌ల కాలం ముగింపుకు వచ్చిందన్నది నిజమే. 2020లో వచ్చిన మోడళ్ల తరువాత కెనాన్, నికాన్ కంపెనీలు చెప్పుకోదగిన కొత్త డీఎస్ఎల్ఆర్ ఏదీ తేలేదు. పెంటాక్స్ మాత్రం 2021లో కూడా ఒకటి విడుదల చేసింది. అయినంత మాత్రాన చేతిలో ఉన్న కెమెరా తీసే ఫొటోలు చెడిపోవు. డీఎస్ఎల్ఆర్‌ల కోసం చేసిన కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఆ కంపెనీ అడాప్టర్‌తో కొత్త ఆర్ఎఫ్ మిర్రర్‌లెస్ కెమెరాలపైన చక్కగా పనిచేస్తాయి కనుక, రేపు మీరు మారినా లెన్స్ మీతోనే వస్తుంది. ఇప్పుడే కొత్తది కొనే స్థోమత ఉండి, ముందుముందు లెన్సులు పెంచుకునే ఉద్దేశం కూడా ఉంటే నేరుగా మిర్రర్‌లెస్‌కు వెళ్లడమే సబబు. తక్కువలో పని జరగాలంటే వాడిన డీఎస్ఎల్ఆర్‌కు మించినది లేదు. అద్దాల వ్యూఫైండర్‌కు విద్యుత్తు అక్కర్లేదు కాబట్టి బ్యాటరీ కూడా కలిసివస్తుంది: నికాన్ డీ3500 ఒక్క చార్జింగ్‌తో 1,550 ఫొటోలు తీస్తుందని ఆ కంపెనీ లెక్క, ఆర్ఎక్స్100 మార్క్ 7కు సోనీ చెప్పినది సుమారు 260 ఫొటోలే.

వాడిన కెమెరాను పరీక్షించేటప్పుడు లెన్స్ తీసి, దాని వెనుక నుంచి ఫోన్ టార్చి వేసి, ముందు వైపు నుంచి చూడండి. అంచుల దగ్గర సాలెగూటి దారాల్లా తెల్లటి పోగులు కనిపిస్తే అది బూజు, ఆ లెన్స్ ముట్టుకోవద్దు. నాలుగు ధూళి రేణువులు కనిపిస్తే భయపడనక్కర్లేదు. తరువాత అపర్చర్‌ను ఎఫ్ 16కు తగ్గించి తెల్ల గోడను ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. సెన్సర్ మీది దుమ్ము బూడిద రంగు మచ్చలుగా బయటపడుతుంది. గాలి బుడ్డితో ఊదితే పోయే మచ్చలైతే సరే. నోటితో మాత్రం ఊదవద్దు, తుంపర్లు పడతాయి. నికాన్ కెమెరా అయితే అప్పుడే తీసిన ఫొటో ఫైలులో షట్టర్ ఎన్నిసార్లు పడిందో నమోదై ఉంటుంది, దానిని చూపే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా దొరుకుతాయి. డీ3500 వంటి వాటి షట్టర్‌ను లక్ష సార్లకు పరీక్షించినట్టు కంపెనీ చెబుతుంది. ఇరవై ముప్ఫై వేల లోపు ఉన్నది దొరికితే నిశ్చింతగా తీసుకోవచ్చు.

నికాన్ వైపు వెళ్తే ఇంకొకటి గమనించండి. డీ3000, డీ5000 వరుసల కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. లెన్స్‌లోనే మోటారు ఉండాలి. పేరులో ఉత్త ఏఎఫ్ లేదా ఏఎఫ్-డీ అని ఉన్న పాత 50 మి.మీ. లెన్స్ తక్కువకు వస్తోందని కొంటే, ప్రతి ఫొటోకూ చేత్తో ఫోకస్ తిప్పుకోవాలి. ఐదేళ్ల పాప వెనుక అది సాగే పని కాదు. ఏఎఫ్-ఎస్ అని రాసి ఉన్నదే అడగండి. కెనాన్ ఈఎఫ్ లెన్సుల్లో ఈ పేచీ లేదు. ఆ వరుస 1987లో మొదలైనప్పటి నుంచీ మోటారు లెన్స్‌లోనే ఉంది.

ప్రశ్న అడిగినవారి స్పందన

వాడిన డీఎస్ఎల్ఆర్ శరీరం, దానితో వచ్చే 18–55, విడిగా ఒక 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ చూస్తాను. ప్రయాణాలకు ప్రస్తుతానికి ఫోన్‌తోనే సరిపెట్టుకుంటాను. రెండు లెన్సులూ అల్మారాలో పెట్టవచ్చా?

సమాధానం

గాలి ఆడని అల్మారాలో, ముఖ్యంగా తోలు సంచిలో పెట్టి మూసేయకండి. బూజుకు అనువైన చోటు అదే. గట్టిగా మూతపడే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచండి, అవి తేమ పీల్చుకుని రంగు మారినప్పుడు వేడి చేసి ఆరబెట్టుకుంటే మళ్లీ పనికొస్తాయి. ఎక్కువ రోజులు వాడకపోతే బ్యాటరీ తీసి విడిగా పెట్టండి.