పిల్లి పిల్లలను ఇచ్చేముందు ఇల్లు చూసి రావడం అతి అవుతుందా?

సెల్లార్‌పిల్లులు:
మా అపార్టుమెంటు సెల్లార్‌లో జనరేటర్ వెనక ఒక పిల్లి ఈనింది. పిల్లలు కళ్లు తెరిచిన కొద్ది రోజులకే తల్లి కారు కింద పడి చనిపోయింది. నాలుగింటినీ ఇంటికి తెచ్చి సాకుతున్నాను. ఇప్పుడు రెండున్నర నెలలు. రెండు ఆడ, రెండు మగ. ఉడికించిన కోడిమాంసం తింటున్నాయి, ఇసుక తొట్టె అలవాటైంది, మొదటి టీకా పడింది. మాది నిజాంపేట.

నిన్న ఒక కుటుంబం అడిగితే వాళ్ల ఇల్లు చూసి వచ్చాను. ఐదో అంతస్తు, బాల్కనీకి జాలీ లేదు. కటకటాల సందులో నా అరచేయి అడ్డంగా దూరిపోయింది. ఆ పక్కనే ఏసీ పెట్టె ఉంది. పిల్ల దాని మీదకు దూకితే తిరిగి లోపలికి రాలేదు. జాలీ వేయించాక ఇస్తానన్నాను. ఆయన మొహం మాడ్చుకుని, ‘వీధిపిల్లికి ఇంత హంగామా ఎందుకమ్మా’ అన్నారు. మా ఇంట్లోవాళ్లు కూడా నన్నే తప్పుపడుతున్నారు. నేను అడిగేవి మూడే: జాలీ, సమయానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, పెంచలేకపోతే నాకే తిరిగి ఇవ్వడం. ఇది అతి అంటారా?

తెనాలివాడు:
అతేనండి. మా తాతగారి బియ్యం కొట్టులో మూడు తరాల పిల్లులు పెరిగాయి. ఏ కిటికీకీ జాలీ లేదు. పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని మన పెద్దలు చెబుతారు. ఆ ఏడిళ్లలో ఒక్కదాన్నయినా తనిఖీ చేసి తిప్పుతుందా? ఇంటికి వచ్చి అడిగినవాళ్లను వెనక్కి పంపితే రేపు మీ గడప ఎవరు తొక్కుతారు?

సెల్లార్‌పిల్లులు:
మీ కొట్టు నేల మీద ఉంది. నేను చెబుతున్నది ఐదో అంతస్తు సంగతి.

తెనాలివాడు:
పిల్లి ఎక్కడి నుంచి పడినా కాళ్ల మీదే దిగుతుంది. చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి.

పశువైద్య_విద్యార్థి:
తెనాలివాడు గారూ, అది సగమే నిజం. ఎత్తు నుంచి పడి న్యూయార్క్‌లోని ఒక జంతు ఆసుపత్రికి వచ్చిన 132 పిల్లుల మీద 1987లో ఒక పరిశోధన ప్రచురించారు. కాళ్ల మీద దిగినా వాటిలో చాలావాటికి ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, దవడలు, అంగిళ్లు పగిలాయి, కాళ్లు విరిగాయి. వైద్యం అందినవాటిలో దాదాపు 90 శాతం బతికాయి.

తెనాలివాడు:
90 శాతం బతికాయట. మీరే అన్నారు. ఇక జాలీ ఎందుకు?

పశువైద్య_విద్యార్థి:
ఆసుపత్రి దాకా తెచ్చినవాటి లెక్క అది. కింద పడి అక్కడికక్కడే పోయినవి అందులో లేవు. పైగా వాటికి వెంటనే వైద్యం అందింది. మన దగ్గర అర్ధరాత్రి దవడ పగిలిన పిల్లిని ఎక్కడికి తీసుకువెళతారు?

తెనాలివాడు:
లెక్క మీరే చెప్పి, అది చెల్లదని మీరే అంటే ఎలా?

వంటింటి_కబుర్లు:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మేము శాకాహారులం. పెరుగన్నం, పాలు పెట్టి పెంచవచ్చా?

పశువైద్య_విద్యార్థి:
లేదండి. పిల్లికి మాంసాహారం తప్పదు. టారిన్ అనే పోషకం దానికి మాంసం నుంచే రావాలి. అది చాలకపోతే చూపు పోతుంది, గుండె కండరం బలహీనపడుతుంది. వండటం ఇష్టం లేకపోతే దుకాణంలో దొరికే పిల్లుల మేత పెట్టండి. ఆవు పాలు మాత్రం వద్దు, విరేచనాలు పట్టుకుంటాయి.

అద్దెకొంప:
జాలీ సంగతి పక్కన పెట్టండి. ఈ సాకేవాళ్ల ధోరణి గురించి నేను చెబుతాను. పెళ్లి కాలేదు, అద్దె ఇంట్లో ఉంటాను. పోయిన ఏడాది ఒకావిడ దగ్గర పిల్లి పిల్లను అడిగాను. ఇంటి యజమాని ఉత్తరం కావాలన్నారు, సరే. జీతం రసీదు కావాలన్నారు, పంపాను. మా అమ్మతో మాట్లాడాలన్నారు, అదీ కుదిర్చాను. అంతా అయ్యాక ‘ఒంటరి మగవాళ్లకు ఇవ్వం’ అన్నారు. ఆ మాట మొదటే చెప్పి ఉంటే సరిపోయేది కదా. పెళ్లిచూపులకు వెళ్లినా ఇన్ని ప్రశ్నలు వేయరు. ఆ పిల్ల తర్వాత రెండు నెలలు అక్కడే పంజరంలో ఉంది. ఆవిడ పెట్టే ఫోటోల్లో చూస్తూనే ఉన్నాను.

సెల్లార్‌పిల్లులు:
మీకు జరిగింది అన్యాయం, ఒప్పుకుంటాను. ఒంటరివాళ్లు పెంచలేరని నేను ఎప్పుడూ అనలేదు. కానీ అద్దె ఇంటి ప్రశ్న ఎందుకు వస్తుందో చెబుతాను. ఇంతకుముందు మా ఆఫీసులో ఒకావిడకు ఒక పిల్లను ఇచ్చాను. నాలుగు నెలలు బాగా చూసుకున్నారు. ఇంటి యజమాని గొడవ చేయగానే నాకు ఒక్క ఫోను కూడా చేయకుండా రైతుబజారు దగ్గర వదిలేశారు. ‘అక్కడ చేపలవాళ్లు ఉంటారు కదా, బతికేస్తుంది’ అన్నారు. సోఫా మీద పడుకుని పెరిగిన పిల్లి అది. ఎంత వెతికినా దొరకలేదు.

అద్దెకొంప:
అపార్టుమెంటు సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది.

సెల్లార్‌పిల్లులు:
అవి సంఘాలకు. ఒప్పందంలో ‘జంతువులు వద్దు’ అని రాసుకున్న యజమానికి ఆ కాగితం చూపిస్తే నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయమంటాడు. ఇక జంతువును ఆకలికి వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరమే. మొదటిసారికి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయల దాకా. ఆ 50 రూపాయలకు భయపడేది ఎవరు? అందుకే ఇచ్చేముందే చూసుకుంటాను.

డాలస్‌నుంచి:
ఇక్కడ మేము పిల్లిని తెచ్చుకున్నప్పుడు జంతు సంరక్షణ కేంద్రంవాళ్లు ఇంటి అద్దె ఒప్పందం అడిగారు. ఆపరేషన్ చేశాకే చేతికిచ్చారు. ఎవరూ తప్పుగా అనుకోలేదు.

తెనాలివాడు:
అది అమెరికా. ఇక్కడ వీధికో ఈత ఉంది. అడిగినవాడికి దండం పెట్టి ఇవ్వాల్సిన పరిస్థితి.

అసలు విషయానికి వస్తాను. మీ ప్రకటన చూసి పోయిన వారం మా బావమరిది ఫోను చేశాడు. మీ నిజాంపేటలోనే కిరాణా కొట్టు. ‘కొట్టుకు ఇవ్వం’ అని ఫోను పెట్టేశారట. మాంసం పెడతాడా, రాత్రి ఎక్కడ పడుకోబెడతాడు, ఒక్కటీ అడగలేదు. ఐదో అంతస్తువాళ్ల ఇంటికి వెళ్లి కటకటాలు కొలిచి వచ్చారు. కొట్టు మనిషి దగ్గరికి వెళ్లేందుకు మాత్రం మీకు మనసు రాలేదు. మీకు కావలసింది మంచి ఇల్లు కాదు, మీలాంటి ఇల్లు.

సెల్లార్‌పిల్లులు:
ఆ మాట వెనక్కి తీసుకోండి. మీ బావమరిది ఫోను నాకు గుర్తుంది. ‘ఆడదా మగదా’ అనలేదు, ‘ఏం తింటుంది’ అనలేదు. ‘ఎలుకలను పడుతుందా’ అన్నారు. అదే మొదటి ప్రశ్న.

తెనాలివాడు:
తప్పేముంది? బస్తాకు చిల్లు పడితే పోయేది అతని సొమ్ము. పిల్లికి కొట్టులో పని ఉంటుంది, తిరగడానికి చోటు ఉంటుంది, వచ్చేపోయేవాళ్లు పలకరిస్తారు. మూడు గదుల్లో తలుపులు వేసి, జాలీ కట్టి, జీవితాంతం కిటికీలో కూర్చోబెట్టడం మీకు ప్రేమగా కనిపిస్తోంది. నాకు కనిపించడం లేదు.

పశువైద్య_విద్యార్థి:
కొట్టులో పెరగడం తప్పని నేను అనను. అడగాల్సింది ఎలుకల మందు గురించి. మందు తిన్న ఎలుక వెంటనే చావదు, నెమ్మదిస్తుంది. పిల్లికి చిక్కేది అదే. ఆ విషం పిల్లిలోనూ రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. బయటికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది. ఎలుకలను పట్టే జిగురు అట్టలు కూడా ఉండకూడదు.

తెనాలివాడు:
మందు పెట్టడం ఇష్టం లేకే కదా పిల్లిని అడిగాడు!

సెల్లార్‌పిల్లులు:
ఫోను పెట్టేశానని అంటున్నారు. ఫోను ఎందుకు పెట్టేశానో మీ బావమరిది మీకు చెప్పినట్టు లేదు. ఆపరేషన్ మాట ఎత్తగానే ‘ఆడపిల్లికి అదంతా పాపమమ్మా, ఒక్క ఈతైనా ఈననివ్వాలి’ అన్నారు. కొట్టుకు ఇవ్వనని నేను అన్నది ఆ తర్వాత.

తెనాలివాడు:
అందులో మాత్రం అతని మాటే నా మాట. ఒక్కసారైనా తల్లి కానివ్వాలి. ఆ నోరులేని జీవి కడుపు కోసే హక్కు మీకు ఎవరిచ్చారు?

పశువైద్య_విద్యార్థి:
ఒక ఈత ఈనడం వల్ల పిల్లి ఆరోగ్యానికి వచ్చే లాభం ఏదీ లేదు. నాలుగైదు నెలలకే చూలు కట్టగలదు. చూలు సుమారు తొమ్మిది వారాలు. పాలిస్తూ ఉండగానే మళ్లీ ఎదకు రాగలదు. ‘ఒక్క ఈత’ అనుకుని ఆగినవాళ్లకు రెండోది వచ్చిపడేది అందుకే.

సెల్లార్‌పిల్లులు:
మూడు రోజులుగా జాలీ గురించి కొట్టుకుంటున్నాం. మన తగాదా జాలీ మీద కాదు, దీని మీద. తెనాలివాడు గారూ, నా స్నానాలగదిలో ఉన్న ఈ నాలుగూ ఎవరో ‘ఈననివ్వాలి’ అనుకున్న ఈతే. సెల్లార్ పిల్లికి మెడలో ఎర్ర తాడు ఉండేది. పెంచినవాళ్లు ఎవరో ఉన్నారు. కడుపుతో ఉందని తెలియగానే కిందకు దింపేశారు. తెచ్చిన రోజు వీటి కళ్లు పుసులు కట్టి అతుక్కుని ఉన్నాయి. గోరువెచ్చని నీళ్లలో దూది ముంచి తుడిస్తేగానీ విడలేదు. ఒకటి సిరంజి పట్టుకోవడానికి కూడా ఓపిక లేక నా అరచేతిలో తల వాల్చేసేది. ఇవి బతికాయి. ఇలా సెల్లార్‌లో పుట్టినవాటిలో ఎన్ని బతుకుతాయి? నా హక్కు గురించి అడిగారు. ఈ పని మళ్లీ మళ్లీ నెత్తిన పడేది నాకూ, నాలాంటి పదిమందికీ. హక్కు అందులోంచే వచ్చింది.

అద్దెకొంప:
అక్కా, ఈ మాట మొదటి పోస్టులోనే రాసి ఉంటే జాలీ మీద ఇంత రభస జరిగేది కాదు.

తెనాలివాడు:
మీ కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. పిల్లిని కిందకు దింపేసినవాళ్లది పాపమే. కానీ వాళ్లు చేసినదానికి మా బావమరిది మీద అనుమానం దేనికి? ఆపరేషన్ విషయంలో నా మనసు ఇప్పటికీ ఒప్పుకోవడం లేదు. ఒప్పుకున్నానని రాయను.

సెల్లార్‌పిల్లులు:
మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఆయన ఒప్పుకుంటే చాలు. మగపిల్లలు రెండున్నాయి. రెండూ కలిసే వెళ్లాలి, ఒకదాన్ని వదిలి ఒకటి ఉండవు. ఎలుకల మందు, జిగురు అట్టలు ఉండకూడదు. రాత్రి షట్టరు వేశాక లోపల నీళ్లు, ఇసుక తొట్టె ఉండాలి. కొట్టు మూసే పండుగ రోజుల్లో ఎవరు తిండి పెడతారో ముందే చెప్పాలి. ఆరో నెలలో ఆపరేషన్‌కు నేనే తీసుకువెళ్లి తెస్తాను. వీటికి సరేనంటే ఆదివారం కొట్టుకు వచ్చి చూస్తాను. ఆడపిల్లలను మాత్రం ఆపరేషన్ అయ్యేదాకా ఎవరికీ ఇవ్వను, నా దగ్గరే ఉంటాయి. ఇందులో మార్పు లేదు.

తెనాలివాడు:
మగవాటికి కూడా ఆపరేషన్ ఎందుకు? అవి ఈనవు కదా!

పశువైద్య_విద్యార్థి:
చేయించకపోతే ఎద కోసం వీధుల వెంట పోతాయి, కాట్లాటల్లో చీము గడ్డలు కడతాయి. బియ్యం బస్తాల మీద మూత్రం చిమ్ముతాయి కూడా. ఈ చివరి మాట మీ బావమరిదికి తప్పకుండా చెప్పండి.

తెనాలివాడు:
బస్తాల సంగతి చెబుతాను. ఆదివారం పొద్దున పది లోపు అయితే కొట్టులో రద్దీ ఉండదు. నంబరు మీ దగ్గర ఉంది కదా, మీరే చేయండి. ఈసారి ముందు అతన్ని మాట్లాడనివ్వండి.

అద్దెకొంప:
ఆడపిల్లల ఆపరేషన్ అయ్యేదాకా ఆగుతాను. యజమాని రాసిచ్చిన ఉత్తరం పాతదే ఉంది, కొత్తది కావాలంటే తెస్తాను. మాది రెండో అంతస్తు. జాలీ వేయించాక ఫోటో పంపమంటారా, వచ్చి చూస్తారా?