టికింటర్‌లో రెండో విండో, ఉమ్మడి ఫంక్షన్: ఏది ఎక్కడ ఉండాలి?

ప్రశ్న:
నమస్కారమండీ. కిరాణా కొట్టు పద్దుల కోసం పైథాన్‌లో, విండోలు తయారుచేసే టికింటర్ లైబ్రరీతో చిన్న ప్రోగ్రాం రాస్తున్నాను. మెయిన్ ఫైలులో మొదటి విండో, బిల్లు ఫైలులో రెండో విండో ఉన్నాయి. మొత్తం లెక్కగట్టే ఫంక్షన్ రెండింటికీ అవసరం కావడంతో బిల్లు ఫైలులోకి మెయిన్‌ను ఇంపోర్ట్ చేశాను. అప్పటినుంచి మొదటి విండో మూసేస్తే అదే మళ్ళీ తెరుచుకుంటోంది. పైగా రెండో విండోలో, స్ట్రింగ్‌వార్‌కు (పెట్టెలో చూపే అక్షరాలను ఉంచుకునే టికింటర్ వేరియబుల్‌కు) ఇచ్చిన ఖాతాదారు పేరు ఉండవలసిన పెట్టె ఖాళీగా కనిపిస్తోంది.

జవాబు 1:
మీరు నేరుగా నడిపిన ఫైలును పైథాన్ దాని అసలు పేరుతో గుర్తుపెట్టుకోదు కనుక, బిల్లు ఫైలు మెయిన్‌ను అడిగినప్పుడు దాన్ని కొత్త మాడ్యూల్‌గా భావించి మొదటి వరుస నుంచి మళ్ళీ నడుపుతుంది. ఆ ఫంక్షన్‌ను ‘లెక్కలు’ అనే మూడో ఫైలులోకి మార్చండి. ఆ ఫైలు మిగతా రెండింటిలో దేనినీ ఇంపోర్ట్ చేయకూడదు, అందులో విండోల ఊసే ఉండకూడదు.

జవాబు 2:
ఖాళీ పెట్టెకు కారణం వేరు. రెండో విండోకు కూడా టీకే అనే పిలుపునే వాడి ఉంటారు. ప్రతి టీకే పిలుపూ విడిగా ఒక టీసీఎల్ ఇంటర్‌ప్రెటర్‌ను (టికింటర్ వెనుక విండోలను నడిపే భాగాన్ని) సృష్టిస్తుంది. యజమాని విండో ఏదో చెప్పని స్ట్రింగ్‌వార్ మొదటి ఇంటర్‌ప్రెటర్‌కే చెందుతుంది కనుక రెండోదానిలోని పెట్టెకు ఆ పేరు అందదు. రెండో విండోకు టీకే బదులు, అదే ఇంటర్‌ప్రెటర్‌లో అదనపు విండో తెరిచే టాప్‌లెవెల్ వాడండి.

ప్రశ్న అడిగినవారు:
టాప్‌లెవెల్‌తో పేరు కనిపించిందండీ. ఫంక్షన్‌ను ఈ రాత్రికి మారుస్తాను.