ఎంఎస్‌కు బోస్టనా, టెక్సాసా, జర్మనీయా: కోవూరు తమ్ముడి ప్రశ్న, వచ్చిన జవాబులు

కోవూరు నుంచి ప్రశ్న

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది నెల్లూరు జిల్లా కోవూరు పక్కన పల్లె. సివిల్‌లో బీటెక్ పూర్తిచేసి, ఏడాదిగా నెల్లూరులో ఒక చిన్న డిజైన్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆగస్టులో చేరడానికి మూడు చోట్ల సీటు వచ్చింది. మొదటిది బోస్టన్‌లో బాగా పేరున్న ప్రైవేటు విశ్వవిద్యాలయంలో డేటా అనలిటిక్స్. రెండేళ్లకు ఫీజు, తిండి, గది అన్నీ కలిపి 1,05,000 డాలర్లు అవుతుందని లెక్క తేలింది. రెండోది టెక్సాస్‌లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో స్ట్రక్చరల్ ఇంజినీరింగ్. వాళ్లు 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ కూడా ఇచ్చారు, అక్కడ మొత్తం 54,000 డాలర్ల దాకా అవుతుంది. మూడోది జర్మనీలో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం. నాన్నకు ఆరెకరాల మాగాణి, వేదాయపాళెంలో ఒక ఇంటి స్థలం ఉన్నాయి. చేతిలో 14 లక్షలు ఉన్నాయి. మా మామయ్య, కన్సల్టెన్సీవాళ్లు బోస్టన్ వదులుకోవద్దని గట్టిగా చెబుతున్నారు. నాకు మాత్రం స్ట్రక్చర్స్ అంటేనే ఇష్టం. ఏది ఎంచుకోవాలో దయచేసి చెప్పగలరు.

టెక్సాస్ నుంచి జవాబు

తమ్ముడూ, మాది ఆత్మకూరు వైపు. నేను వచ్చింది 2014లో. నీ ఉత్తరంలో ఫీజులు, ఆస్తి, ఇష్టం అన్నీ ఉన్నాయి గానీ, అప్పు తిరిగి కట్టే లెక్క ఎక్కడా లేదు. నేనూ ఆ రోజుల్లో ఆ లెక్క వేయకుండానే విమానం ఎక్కాను కాబట్టి ముందుగా దాని గురించే రాస్తాను.

డాలరు 90 రూపాయలు అనుకుందాం. బోస్టన్ చదువు 94 లక్షల పైమాటే. చేతిలో ఉన్న 14 లక్షలు తీసేస్తే 80 లక్షలు అప్పు చేయాలి. టెక్సాస్ అయితే 48 లక్షల చిల్లర, అంటే అప్పు 35 లక్షల లోపు. పదిన్నర శాతం వడ్డీతో పదేళ్లలో తీర్చాలంటే 80 లక్షలకు నెల వాయిదా సుమారు 1,08,000 రూపాయలు, 35 లక్షలకు సుమారు 47,000. చదివే కాలంలో పెరిగే వడ్డీని ఇందులో కలపలేదు. ఇప్పుడు దీన్ని మీ నాన్నకు అర్థమయ్యే కొలతలో చూడు. 2025-26లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,369 రూపాయలు, అంటే 850 కిలోల మన పుట్టికి 20,000 పైచిలుకు. బోస్టన్ వాయిదా నెలకు అయిదు పుట్ల వడ్లు దాటుతుంది, ఏడాదికి 64 పుట్లు. మీ ఆరెకరాల్లో బాగా పండిన కారులో ఎన్ని పుట్లు వస్తాయో నాకంటే నీకే బాగా తెలుసు. టెక్సాస్ వాయిదా ఏడాదికి 28 పుట్లు. అదీ తక్కువేమీ కాదు. కానీ నీకు ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైతే, ఇల్లు దాన్ని ఎలాగో మోయగలదు. మొదటిదాన్ని మోయలేదు.

వచ్చే జీతంతో ఏడాదిలో తీర్చేయవచ్చని నీకు చాలామంది చెబుతారు. ఆ జీతం ఎలా వస్తుందో చూడాలి. చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పని చేయనిచ్చే ఓపీటీ కింద 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగు, గణితం) కోర్సు అయితే మరో 24 నెలలు పని చేసుకోవచ్చు. మొదటి 12 నెలల్లో పని లేకుండా గడిచిన రోజులు మొత్తం 90 దాటకూడదు. ఈ మూడేళ్లలో ఉద్యోగ వీసా అయిన హెచ్-1బీకి లాటరీ తగలాలి. అక్కడ ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000 మాత్రమే ఉంటాయి. 2025 సెప్టెంబరు నుంచి విదేశంలో ఉన్నవారికోసం వేసే కొత్త దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఇక్కడే చదివి విద్యార్థి వీసా ఎఫ్-1 నుంచి మారేవారికి అది వర్తించదని వివరణ ఇచ్చినా, నియమాలు ఎంత త్వరగా మారుతున్నాయో దీన్నిబట్టే తెలుస్తోంది. అప్పు మాత్రం పదేళ్లదాకా మారదు.

ఇక పేరు సంగతి. బోస్టన్ విశ్వవిద్యాలయానికి పేరు ఉన్న మాట నిజమే. అయితే ఆ పేరు ఏ విభాగానిది, ఏ కోర్సుది అన్నది చూడాలి. పరిశోధన వల్ల, వైద్య కళాశాల వల్ల, వందేళ్ల చరిత్ర వల్ల వచ్చిన పేరు, ఫీజుల కోసమే కొత్తగా పెట్టిన ఒక కోర్సుకు దానంతట అదే అంటుకోదు. ఆ కోర్సులో పాఠం చెప్పేవారిలో పూర్తికాలపు ప్రొఫెసర్లు ఎందరు, నిరుడు చదువు ముగించినవారు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అన్నవి లింక్డ్‌ఇన్‌లో ఒక సాయంత్రం కూర్చుంటే తెలిసిపోతాయి. సీటు ఇప్పించినందుకు కన్సల్టెన్సీలలో చాలావాటికి విశ్వవిద్యాలయం నుంచి కమిషన్ వస్తుంది, అందుకే వాళ్ల జాబితాలో కొన్ని పేర్లు ఎప్పుడూ పైనే ఉంటాయి. అసలు పేరే లేని చోటు ఇంకా ప్రమాదం. 2011లో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయం మూతపడినప్పుడు, 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ విశ్వవిద్యాలయం అనేది అధికారులే పన్నిన వల అని తేలినప్పుడు, చిక్కుకున్నవారిలో మన తెలుగు పిల్లలే ఎక్కువ. నీ మూడింటికీ ఆ భయం లేదు గనక దీన్ని ఇక్కడితో వదిలేస్తాను.

నేను చేసిన తప్పు చెబుతాను. నేను పేరు చూసే ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చేరాను. బ్యాంకులో అప్పుకోసం నాన్న, నేను వెళ్లిన రోజు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది. నీలంరంగు ప్లాస్టిక్ కవరులో పట్టాదారు పాసుపుస్తకం, అడంగల్, ఈసీ, పాత దస్తావేజులు అన్నీ పెట్టుకుని వెళ్లాం. మేనేజరు ఆ పాసుపుస్తకం తెరిచి, రెండో పేజీ దాకా చూసి, మర్యాదగానే మూసి మా వైపు జరిపాడు. అప్పు తీరకపోతే బ్యాంకులు ఆస్తిని స్వాధీనం చేసుకునే సర్ఫేసీ చట్టం వ్యవసాయ భూమికి వర్తించదు కాబట్టి, చదువు అప్పుకు పొలాన్ని పూచీగా తీసుకోవడానికి చాలా బ్యాంకులు ఒప్పుకోవని ఆ రోజే తెలిసింది. నాన్న కవరు మడిచి చంకలో పెట్టుకుని, బయటికొచ్చి, ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి ఆరు లక్షలు తెచ్చాడు. మొదటి సెమిస్టరు ఫీజుకే అవి చాలలేదు. నెలకు 12,000 వడ్డీ ఒక్క ఆ ఆరు లక్షలకే. మా విభాగంలో మాస్టర్స్ వాళ్లకు ల్యాబులోనో పాఠాల్లోనో సాయం చేసి జీతం తెచ్చుకునే అసిస్టెంట్‌షిప్పులు ఇవ్వరని నేను చేరాకే తెలిసింది. ఒక సెమిస్టరు తర్వాత చిన్న ఊళ్లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయానికి మారి, అక్కడ ల్యాబులో అసిస్టెంట్‌షిప్ దొరికాకే నాన్నకు ఫోన్ చేసి ఇక డబ్బు పంపవద్దని చెప్పగలిగాను.

అందుకే నీకు టెక్సాస్ నుంచి వచ్చిన ఉత్తరంలోని 1,000 డాలర్లను చిన్న మొత్తమని అనుకోవద్దు. అక్కడి చట్టం ప్రకారం, ప్రభుత్వ విశ్వవిద్యాలయం పోటీ పద్ధతిలో కనీసం 1,000 డాలర్ల స్కాలర్‌షిప్ ఇచ్చిన బయటి విద్యార్థికి, రాష్ట్రవాసులకు వేసే ఫీజే వేయవచ్చు. నీ ఖర్చు 54,000కు దిగడానికి అసలు కారణం అదే. అది రెండో ఏడాదికి కూడా కొనసాగుతుందా, దానికి ఎంత జీపీఏ కావాలి అన్నది రాతపూర్వకంగా అడిగి తెప్పించుకో. కొనసాగకపోతే రెండో ఏడు ఫీజు ఒక్కసారిగా పెరిగి నా లెక్క తప్పుతుంది.

నీ ఇష్టానికి వస్తే, డిజైన్ ఆఫీసులో ఏడాది పనిచేసినవాడివి, కడ్డీల డ్రాయింగు చదవగలిగినవాడివి, స్ట్రక్చర్స్ వదిలి డేటా అనలిటిక్స్‌కు ఎందుకు వెళ్లాలి? నాలుగేళ్లు కోడింగ్ చేసినవాళ్లతో కలిసి అదే ఉద్యోగానికి వరుసలో నిలబడాలి. సివిల్ కూడా స్టెమ్‌లోనే ఉంది కాబట్టి 36 నెలల ఓపీటీ దానికీ వస్తుంది. ఎంఎస్ చదువుతుండగానే, ఇంజినీరు లైసెన్సుకు మొదటి మెట్టయిన ఎఫ్ఈ పరీక్ష రాయి. అది 110 ప్రశ్నల పరీక్ష, బీటెక్ పాఠాలు గుర్తుండగా రాస్తేనే సులువు. తర్వాత సాధారణంగా నాలుగేళ్ల అనుభవంతో పీఈ (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సుకు వెళ్లవచ్చు, ఎంఎస్‌ను అందులో ఒక ఏడాదిగా లెక్కించే రాష్ట్రాలూ ఉన్నాయి. ఆ లైసెన్సు ఉన్నవాడి సంతకం లేనిదే ఇక్కడ డ్రాయింగు బయటికి పోదు.

స్టుట్‌గార్ట్ నుంచి జవాబు

తమ్ముడూ, మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. జర్మనీ గురించి మాత్రమే నేను చెప్పగలను. ఫీజు లేదన్న మాట చాలా రాష్ట్రాల్లో నిజమే. మా బాడెన్-వుర్టెంబర్గ్‌లో మాత్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. ఎక్కడ చేరినా వీసాకు బ్లాక్డ్ అకౌంటులో ఏడాది ఖర్చుకింద 11,904 యూరోలు చూపాలి. యూరో 105 రూపాయలనుకుంటే అది పన్నెండున్నర లక్షలు. ఆ డబ్బు ఎవరికో కట్టేది కాదు, నెలకు 992 యూరోల చొప్పున నీకే తిరిగి వస్తుంది. మన డిగ్రీ పత్రాలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం 2022 నవంబరు నుంచి భారతీయులకు తప్పనిసరి, దానికి నెలలు పట్టవచ్చు కనుక ఇంకా పెట్టకపోతే ఈ వారమే పెట్టు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఉండనిస్తారు.

ఖర్చు చూస్తే మూడింటిలో ఇదే తక్కువ. కానీ నువ్వు సివిల్ మనిషివి. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఇంగ్లీషుతో నెట్టుకు రాగలిగినా, కట్టడాల పనిలో నగరపాలక సంస్థ ఉత్తరం, మేస్త్రితో మాట, టెండరు కాగితం అన్నీ జర్మన్‌లోనే ఉంటాయి. ఆ భాషలో బీ2 స్థాయి (ధారాళంగా మాట్లాడే దశ) వచ్చేదాకా నాకు ఎవరూ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్న అడగలేదు. ఆ భాష రెండేళ్లు, రోజుకు రెండు గంటలు నేర్చుకునే ఓపిక నీకుందని నీకు నమ్మకం ఉంటేనే ఇటు రా. ఉంటే మాత్రం మీ వేదాయపాళెం స్థలం తాకట్టు పెట్టకుండానే చదువు ముగుస్తుంది.

కోవూరు నుంచి మళ్లీ

అన్నగారూ, అక్కగారూ, చాలా కృతజ్ఞతలు. పుట్ల లెక్క నాన్నకు చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత 64ను మళ్లీ ఒకసారి చెప్పమన్నారు. జర్మన్ భాష నాకు ధైర్యం చాలడం లేదు. టెక్సాస్ వైపే మొగ్గుతున్నాను. రెండు సందేహాలు ఉన్నాయి. స్థలం తాకట్టు పెట్టమని నాన్నను అడగడమా, లేక మామయ్య నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇప్పిస్తానంటున్న చేబదులు తీసుకోవడమా? అక్కడ పనిచేసి ఖర్చులు తెచ్చుకోవచ్చని స్నేహితులు అంటున్నారు, అది ఎంతవరకు నిజం?

టెక్సాస్ నుంచి మళ్లీ

స్థలమే తాకట్టు పెట్టండి. నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకు వడ్డీకి రెట్టింపు కంటే ఎక్కువ. పైగా బ్యాంకు చదువు అప్పు మీద కట్టే వడ్డీకి పాత పన్ను విధానంలో ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది, చేబదులుకు ఏదీ ఉండదు. చదివే కాలంలో వడ్డీ మాత్రం నెలనెలా కట్టుకుంటూ పోతే అసలు పెరగదు, కొన్ని బ్యాంకులు దానికి కొంత రాయితీ కూడా ఇస్తాయి. ఆ మాట మంజూరు పత్రంలో ఉందో లేదో చూసుకుని సంతకం చేయి. ఇంటి స్థలమైనా లింకు దస్తావేజులు, ఈసీ, లాయరు అభిప్రాయం, విలువ కట్టడం ఇవన్నీ ముగియడానికి వారాలు పడతాయి గనక వీసాకోసం విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రం చేతికొచ్చేదాకా ఆగవద్దు.

పని విషయం. సెమిస్టరు నడిచేటప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు, ఆ పని కూడా వచ్చిన రోజే దొరకదు. అందువల్ల ఖర్చుల లెక్కలో దాన్ని ఒక్క డాలరు కూడా వేసుకోవద్దు. బయట పెట్రోలు బంకులోనో, హోటల్లోనో చేతికి డబ్బు తీసుకుని చేయమని ఎవరైనా చెబితే, మనవాళ్లయినా సరే, ఆ పని చేయవద్దు. అది పట్టుబడితే ఎఫ్-1 హోదా పోతుంది, మీ నాన్న పెట్టిన స్థలం మాత్రం బ్యాంకులోనే ఉంటుంది.

ఈ రోజే టెక్సాస్ విభాగపు గ్రాడ్యుయేట్ కోఆర్డినేటర్‌కు ఉత్తరం రాయి. స్కాలర్‌షిప్ రెండో ఏడాది సంగతి, స్ట్రక్చర్స్ ల్యాబులో మాస్టర్స్ వాళ్లను అసిస్టెంట్లుగా తీసుకుంటారా అన్నది, నిరుడు ఎందరిని తీసుకున్నారన్నది అడుగు. నెల్లూరులో గీసిన డ్రాయింగుల్లో రెండు మూడు మంచివి, మీ ఆఫీసు అనుమతితో, జతచేయి. ఆర్థిక సాయంతో సీటు ఇచ్చినప్పుడు ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకునే గడువు ఇవ్వాలని చాలా విశ్వవిద్యాలయాలు ఒప్పుకుని ఉన్నాయి, కాబట్టి అప్పటిలోగా జవాబు రాకపోతే ఫోన్ చేయి. ఆ జవాబు వచ్చాక, మామయ్యను కూడా పక్కన కూర్చోబెట్టుకుని నాకు కాల్ చెయ్యి, ఆయనతో నేను మాట్లాడతాను. మీకు ఆదివారం రాత్రి అయితే నాకు ఉదయం, నేను ఇంట్లోనే ఉంటాను.