వీఎస్ కోడ్‌లో జీటీకే 4 బిల్డ్ కావట్లేదు, టెర్మినల్‌లో మాత్రం అవుతోంది

అనంతపురం కుర్రోడు:
అన్నలూ, అక్కలూ, కొంచెం ఇది చూడండి. మినీ ప్రాజెక్టు సీ భాషలో, విండోలూ బటన్లూ చేసే జీటీకే 4 లైబ్రరీతో చేస్తున్నా. ఉబుంటు 22.04, లిబ్‌జీటీకే-4-డెవ్ ప్యాకేజీ వేసేశా. టెర్మినల్‌లో జీసీసీ కంపైలర్‌కి, లైబ్రరీ ఎక్కడుందో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ తగిలించి కొడితే విండో చక్కగా వస్తోంది, అదే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో బిల్డ్ కోసం కంట్రోల్ షిఫ్ట్ బీ నొక్కితే జీటీకే.హెచ్ దొరకలేదంటోంది, పైగా ఇన్‌క్లూడ్ లైను కింద ఎర్ర గీత. పీకేజీ-కాన్ఫిగ్ ముక్కను బ్యాక్‌టిక్‌లతో (`) సహా, బిల్డ్ సెట్టింగులుండే టాస్క్స్.జేసన్‌లో ఆర్గ్స్ కింద పెట్టినా అదే గోల. సోమవారం రివ్యూ, టెన్షన్‌గా ఉంది.

బురుజు పక్కింటోడు, కర్నూలు:
తమ్ముడూ, ఎర్ర గీత వేరు, బిల్డ్ వేరు, రెండూ కలిపి చూడొద్దు. ముందు బిల్డ్ సంగతి. నీ టాస్క్స్.జేసన్‌లో టైప్ దగ్గర సీపీపీబిల్డ్ అని ఉంటుంది, సీ ఎక్స్‌టెన్షన్ తనే రాసిపెట్టిన టాస్క్ అది. ఆర్గ్స్‌లో పెట్టిన బ్యాక్‌టిక్ ముక్క అందులో టెర్మినల్‌లోలా పనిచేయకపోవచ్చు. టైప్‌ను షెల్ అని మార్చి, ఆర్గ్స్ తీసేసి, టెర్మినల్‌లో కొట్టే లైను మొత్తం కమాండ్ దగ్గర పెట్టు. ఆ లైనులో లైబ్రరీలు కలిపే లిబ్స్ భాగం మాత్రం నీ సీ ఫైలు పేరు తర్వాతే రావాలి. ముందు పెడితే కంపైల్ అయినట్టే అయి లింక్ దగ్గర అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్ అంటూ పేజీ నిండా తిడుతుంది.

కడపకారం:
ఎర్ర గీతకి ఎడిటర్ హెడర్లను ఎక్కడ వెతకాలో చెప్పే సీ-సీపీపీ-ప్రాపర్టీస్.జేసన్ చూడాలి బ్రో. పీకేజీ-కాన్ఫిగ్‌ను సీఫ్లాగ్స్‌తో విడిగా నడుపు, హైఫన్ ఐ తర్వాత వచ్చే దారులన్నీ ఇన్‌క్లూడ్‌పాత్‌లో వెయ్యి. కొందరు యూఎస్ఆర్ ఇన్‌క్లూడ్ ఫోల్డరు మొత్తం రెండు స్టార్ గుర్తులు (**) పెట్టి ఇచ్చేయమంటారు, వినొద్దు. జీటీకేకి కావాల్సిన గ్లిబ్‌కాన్ఫిగ్.హెచ్ అక్కడ ఉండదు, యూఎస్ఆర్ లిబ్ కింద గ్లిబ్-2.0 ఫోల్డర్లో దాక్కొని ఉంటుంది.

అనంతపురం కుర్రోడు:
బిల్డ్ అయింది అన్నా, గీత కూడా పోయింది! కానీ బటన్ పేరు మార్చి, ప్రోగ్రామ్ నడపడానికి ఎఫ్5 నొక్కితే పాత బటనే కనిపిస్తోంది.

బురుజు పక్కింటోడు, కర్నూలు:
ఎఫ్5 సెట్టింగులుండే లాంచ్.జేసన్‌లో, ముందు ఏ టాస్క్ నడపాలో చెప్పే ప్రీలాంచ్‌టాస్క్ లేనట్టుంది, అందుకే బిల్డ్ చెయ్యకుండా పాత ప్రోగ్రామే నడుపుతోంది. టాస్క్‌కి పెట్టిన లేబుల్‌ను అక్షరం తేడా లేకుండా అక్కడ రాయి.

కడపకారం:
రివ్యూ కాలేజీ ల్యాబులో విండోస్ మీదైతే ముందే చెప్పు, అక్కడ జీసీసీ, జీటీకేల కోసం ఎంసిస్2 అనే సాఫ్ట్‌వేర్ వేసుకోవాల, దాని యూసీఆర్‌టీ64 బిన్ ఫోల్డరు పాత్‌లో లేకపోతే డీఎల్ఎల్ లేదని మొండికేస్తుంది. నీ ల్యాప్‌టాపే పట్టుకుపో, నా మాట విను.