‘రంగములో’ తర్వాత చెరిగిన అక్షరం ఏమై ఉంటుంది?

గోదారిగట్టు: మా తాతయ్య రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయి. ఆయన రేకుపెట్టెలో బర్మా స్టార్ పతకం, జపానువాళ్ళు అచ్చేసిన పది రూపాయల నోటు, నాయనమ్మకి రాసిన ఏడు ఉత్తరాలు ఉన్నాయి. 1945 మే 18 నాటి ఉత్తరంలో ‘ఉభయకుశలోపరి’ తర్వాత మొదటి వాక్యం: ‘దైవకృప వలన రంగములో— దిగితిమి.’ ‘లో’ దగ్గర కాగితం మడత పడి పెన్సిలు చెరిగింది. అక్కడ ‘కి’ ఉందా, ఏమీ లేదా?

పాతపుస్తకం: ‘కి’ ఉండాల్సిందే. రంగంలోకి దిగడమంటే యుద్ధానికి దిగడం. సందేహం ఎందుకండీ?

నాగావళి: అమ్మా, మా శ్రీకాకుళం వైపు రంగం అంటే రంగూనే. ‘రంగం ఎల్లినాడు’ అని మా ముసలోళ్ళు ఇప్పటికీ అంటారు. ఓడలో వెళ్ళి రంగంలో దిగాం అని రాశారాయన. ‘కి’ అక్కర్లేదు.

లష్కర్: మా సికింద్రాబాద్‌లో రంగం అంటే బోనాల మర్నాడు చెప్పే భవిష్యవాణి. ఈ చర్చకు పనికిరాదు గానీ, ఒక్క మాటకు ఎన్ని ఊళ్ళో!

పాతపుస్తకం: ఉత్తరాలకి సెన్సారు ఉండేది కదా. ఊరి పేరు రాస్తే కొట్టేసేవారు.

నాగావళి: అందుకేనండీ రంగం అన్నది. సెన్సారు ఆఫీసులో తెలుగు చదివినాయనకి కూడా అది యుద్ధరంగంలాగే కనిపించి ఉంటుంది. ఇంట్లోవాళ్ళకి మాత్రం తెలుస్తుంది.

కోరంగి: తేదీ చూడండి. 26వ ఇండియన్ డివిజన్ సముద్రం మీదుగా వచ్చి రంగూన్‌లో అడుగుపెట్టింది మే 3న. జపానువాళ్ళు అప్పటికే ఊరు వదిలేశారు. పోరాటం జరగని ఊళ్ళో ‘యుద్ధానికి దిగాం’ అని ఎందుకు రాస్తారు? ఇంకో సంగతి. బర్మా వాళ్ళు ఆ ఊరి పేరు రాతలో ర రాసి, య అని పలుకుతారు. మన ‘రంగం’లో ఆ పాత ర నిలిచింది. వాళ్ళేమో మన కోరంగి రేవు పేరుతో తెలుగువాళ్ళందరినీ కోరంగీలన్నారు.

పాతపుస్తకం: ఆయన ఆ డివిజన్‌లోనే ఉన్నారని రుజువేమిటి? బర్మా స్టార్ అస్సాంలో పనిచేసినవాళ్ళకీ వచ్చింది.

వెన్నెల: సైనికుడి ఉత్తరం అనగానే నాకు తిలక్ గుర్తొస్తారు. ‘అమృతం కురిసిన రాత్రి’లో ఆ పేరుతోనే కవిత ఉంది, ‘తపాలా బంట్రోతు’ కూడా అందులోదే. ఆయనది తణుకు దగ్గర మండపాక. ఇంటింటికీ సిపాయిలున్న మిలిటరీ మాధవరం కూడా ఆ జిల్లాలోదే. తిలక్ 45 ఏళ్ళు నిండకముందే 1966లో పోయారు, పుస్తకం అచ్చయింది ఆ తర్వాతే. తన అక్షరాల్ని వెన్నెల్లో ఆడుకునే ఆడపిల్లలన్న మనిషి, ఉత్తరం కోసం ఎదురుచూసే ఇంటినీ అంత బాగా పట్టుకున్నారు.

పాతపుస్తకం: నాకు ‘తపాలా బంట్రోతు’ ఇంకా ఇష్టం. ఉత్తరం అందనివాళ్ళ వైపు నుంచి కూడా ఆలోచింపజేస్తుంది.

గోదారిగట్టు: నేను అడగడానికి కారణం ఉంది. తాతయ్య అన్నగారు రంగంలో బియ్యం మిల్లులో పనిచేసేవారు. 1942లో బాంబులు పడ్డాక అందరితోపాటు కాలినడకన బయలుదేరారు, ఇల్లు చేరలేదు. తాతయ్య నిజంగా ఆ ఊరు చూశారా అన్నది మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నోటు మీద ‘బి’ అక్షరముంది, అంటే బర్మాదే. కానీ బర్మాలో ఎక్కడైనా దొరికి ఉండొచ్చు.

నాగావళి: అయ్యో. అయితే ‘దైవకృప వలన’ అన్నది ఊరికే రాసిన మాట కాదమ్మా.

పాతపుస్తకం: ఈ సంగతి తెలిశాక నా మనసూ రంగూన్ వైపే లాగుతోంది. అయినా అక్షరం అక్షరమే. మిగతా ఉత్తరాల్లో ఆయన ‘లోకి’ ఎలా రాశారు?

గోదారిగట్టు: ఇప్పుడే చూశాను. రెండు చోట్ల ఉంది. రెండుసార్లూ ‘లోనికి’ అనే రాశారు.

కోరంగి: అలాగైతే మడతలో ‘నికి’ రెండక్షరాలూ పట్టాలి. చెరిగిన మేర ఎంతుందో పక్కనున్న ‘దిగితిమి’తో పోల్చి కొలవండి. పెన్సిలు నొక్కు ఉండొచ్చు, కాగితం వెనక నుంచి పక్కవాటు వెలుతురులో ఫోటో తీసి పెట్టండి.

గోదారిగట్టు: అక్షరంన్నర పడుతుందండీ. రేపు పొద్దున్న ఎండ రాగానే ఫోటో పెడతాను.